రెండో కుండ

చోడవరం,
ఫిబ్రవరి 4, మంగళవారం.

బావకి,

నా పేరు వేగి చిన్నతల్లి. కార్డులో నా వయసు డెబ్బై ఒకటి. నిజం లెక్క చెప్పగలిగిన వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. భర్త పేరు నేను నోటితో చెప్పను, అది నీకు తెలుసు. ఈ ఉత్తరం రాస్తున్న రూపాదేవి కార్డు చూసి నీ పేరు పరదేశి అని రాసుకుంది. కార్డులో విశాఖపట్నం జిల్లా అనే ఉంది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా అంటున్నారు, ఇల్లు మాత్రం కదల్లేదు. మాడుగుల రోడ్డు దిగాక మూడో వీధిలోనే ఉంది. ఆ ఇంట్లో ఉండేది నలుగురం. నువ్వు, నేను, కొడుకు సత్యారావు, కోడలు సంధ్యారాణి. నలుగురం అన్నాను గానీ పదిహేను రోజులుగా ముగ్గురమే. నువ్వు చాప చుట్టుకుని చెరుకు గానుగ పాకకి వెళ్ళిపోయావు.

సొంత మొగుడికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ చేస్తే గానుగ మోతలో వినపడలేదంటావు. ఎదురుగా చెబితే సగంలో లేచిపోతావు. కాగితానికి ఎదురు చెప్పడానికి ఉండదు. మూడో తరగతి దాకా చదివావు కదా, కూడబలుక్కుని చదువు. నేను చెబుతుంటే మన వీధి ఆశా కార్యకర్త రూపాదేవి రాస్తోంది. నా మాటని బడి మాటలా సర్దుతోంది. సర్దుకోనీ, సంగతి మారకపోతే చాలు. అంతా చదివి వినిపించాకే వేలిముద్ర వేస్తానన్నాను.

నా మీద నువ్వు మోపిన తప్పు ఇది. ఇంట్లో రెండో కుండ పెట్టాను, కాబట్టి ఇల్లు విడిపోయిందని ఊరికి చాటాను అని. మనలో అన్నదమ్ములు వేరు పడితే మొదట విడేది కుండే, ఆ తర్వాతే భూమి కాగితాలు, నాకు తెలియనిది కాదు. మీ చిన్నాన్న వేరు పడిన రోజు కొత్త కుండ మన గుమ్మం దాటి వెళ్ళడం నేనూ చూశాను. మీ నాన్న ఆ రోజు అన్నం తినలేదు. అందుకే నా కుండ నీ కంటికి అలా కనపడింది. కానీ నేను వేరు పడటానికి కుండ పెట్టలేదు. కాలు నిలబెట్టుకోడానికి పెట్టాను.

కాలి సంగతి నీకు సగమే తెలుసు. కుడికాలి చిటికెన వేలు పక్క వేలికి చెప్పు ఒరుసుకుని పుండయింది కదా, నెల దాటినా మానలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, "షుగర్ తగ్గితే ఇది మానుతుంది. ఫిబ్రవరి ఇరవై ఒకటి దాకా చూస్తాను. తగ్గకపోతే వేలు తియ్యాలి. పైకి పాకనిస్తే పాదం పోతుంది" అంది. నీకు నేను వేలి సంగతి చెప్పలేదు. కట్టు మార్చాలంది అని మాత్రం చెప్పాను.

ఈ జబ్బు వచ్చి నాలుగేళ్లు. పంచదార మానమన్నారు. ఆ రోజే మానేశాను, టీలో కూడా. బెల్లం మానలేదు. "మన బెల్లానికేటే, మన పాకంలో రంగు తేల్చే తెల్ల మందు కలవదు, నల్ల బెల్లం ఒంటికి మందు" అని నువ్వే అన్నావు. నువ్వు అనకపోయినా నేను అదే అనుకునేదాన్ని. పొద్దున్నా సాయంత్రం చోడి అంబలిలో నిమ్మకాయంత బెల్లం కలుపుకుని తాగాను. చోళ్ళు ఈ జబ్బుకి మంచివని టీవీలో కూడా చెప్పారు, వాళ్ళు రాగులంటారు. రెండు నెలలకి సూది పొడిచి చూస్తే మూడు వందల నలభై. పంచదార ముట్టలేదని ఒట్టు వేశాను. రూపాదేవి, "అయితే అంబలి ఎలాగ తాగుతన్నావు మామ్మా?" అనడిగింది. చెప్పాను. ఆ గుంట పిల్ల, "ఒంట్లోకి ఎళ్ళేక అది బెల్లమో పంచదారో ఒంటికి తెలీదు మామ్మా" అంది.

యాభై ఏళ్ళు బెల్లం వండిన ఇంటి మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఇంటికొచ్చి నీకు చెప్పాను. నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కన్నబిడ్డ మీద దొంగతనం మోపినట్టు కూర్చున్నావు. నాకూ అలాగే ఉంది. అయినా మానేశాను.

ఆ తర్వాత ఎవరు ఏం చెబితే అది తిన్నాను. కాకరకాయ రసం నెల రోజులు తాగాను. నోరు చేదెక్కి, ఆ చేదు పోవడానికి ఇంకో ముద్ద అన్నం ఎక్కువ తినేదాన్ని. నేరేడు గింజల పొడి తిన్నాను. రాత్రి అన్నం మాని చపాతీ తినమన్నారు, నాలుగు చపాతీలూ బంగాళాదుంప కూరా తిన్నాను. చివరికి రూపాదేవే ఒక దారి చెప్పింది. వారానికి ఒక తిండి. తిన్న రెండు గంటలకి వేలు పొడిచి చూడటం. ఇంకొకరి నోటి మాట మీద ఆధారపడక్కరలేదు, నా వేలే నాకు చెబుతుంది అని.

అలా చూశాం. గుట్టగా పెట్టుకున్న అన్నానికి రెండు వందల ఎనభై. చపాతీలకి, దుంపకి రెండు వందల అరవై ఐదు. బెల్లం లేకుండానే చెంబుడు చోడి జావ తాగితే రెండు వందల నలభై. అదే చోడి పిండి గట్టి ముద్ద చేసి, గుప్పెడంత, ఆకుకూరతో తింటే రెండు వందల లోపు. జావ గబగబా ఎక్కేస్తుంది, నమిలింది మెల్లగా ఎక్కుతుంది అని నా ఒంటికి నేను తెలుసుకున్నాను. ఇంకొకరి ఒంటికి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆఖరికి సంధ్యారాణి మాడుగుల సంతలో కొండ మనుషుల దగ్గర సామలు కొని తెచ్చింది. చిన్న గ్లాసుడు సామలు వండి, కంచం సగం తోటకూర, ఉడికించిన ఉలవలు, పల్చటి మజ్జిగ. నూట డెబ్బై. రూపాదేవి మిషన్ నా కళ్ళ ముందు పెట్టింది. అంకెలు నాకు రావు. ఆమె ముఖం చూసి తెలుసుకున్నాను.

అందుకే రెండో కుండ. సామలకి వేరే కుండ కావాలి కదా. నువ్వు దాన్ని చూసి, "ఇంట్లో బియ్యం లేవా? ముసల్దానికి కూడు పెట్టక కొండ గింజలెడతన్నారని జనం అనుకోరా?" అన్నావు. సంధ్యారాణి మీద కూడా కేకలేశావు. ఆ పిల్ల తప్పేమీ లేదని ఈ కాగితం మీద చెబుతున్నాను.

తర్వాత నేను వంటింట్లో పడిపోయాను. చెమటలు పట్టి, చేతులు వణికి, గడప దగ్గర కూలబడ్డాను. "కొండ గింజలు తిని నీరసపడిపోయింది" అన్నావు. నేను కాదనలేదు. డాక్టరమ్మ మాత్ర సగానికి తగ్గించింది. తగ్గించాక షుగర్ మళ్ళీ పెరిగి రెండు వందల తొంభైకి పోయింది. పుండు అలాగే ఉంది. "సూసేవా, ఆ గింజలు పనికిరావు, కుండ బయట పారెయ్యి" అన్నావు. పారెయ్యనన్నాను. నువ్వు చాప తీసుకున్నావు.

పడిపోయిన రోజు సంగతి ఇంకా ఉంది. అది చెప్పడానికి నాకు ఇవాళ నోరు రావడం లేదు. కుండ తియ్యను. నువ్వు ఇంటికి రా. ఇదే నేను అడిగేది.

చెప్పిన మనిషి
చిన్నతల్లి, ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: రూపాదేవి (రాసినది), సంధ్యారాణి



చోడవరం,
ఫిబ్రవరి 13, గురువారం.

బావకి,

ఉత్తరం రెండుసార్లు చదివి పాక చూరులో దోపావని సత్యారావు చెప్పాడు. "కుండ తీస్తే వస్తాను" అన్నావట. అంతే అన్నావట.

ఆదివారం మీ అన్న తవిటయ్య బావగారు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. నువ్వు పంపావో, ఆయనే వచ్చారో నేను అడగలేదు. వరండాలో కుర్చీలు వేయించాను. టీ ఇచ్చాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాక మొదలెట్టారు.

"ఏటి చిన్నతల్లీ, ఈ వయసులో వాటా కావాలేటి నీకు?"

"నాకేటి వాటా బావగారూ. కావాలంటే నా షుగర్లో సగం మీకు రాసిస్తాను, పట్టుకెళ్ళండి" అన్నాను.

పక్కాయన నవ్వబోయి ఆపుకున్నాడు. తవిటయ్య బావగారికి నవ్వు రాలేదు. "రెండు కుండలున్న ఇంటికి పెళ్ళి పిలుపు రెండుసార్లు ఎట్టాలి. ఎవుడి పేరున ఎట్టమంటావు? తమ్ముడు ఊళ్ళో తలెత్తుకోలేక గానుగ కాడ పడుకుంతన్నాడు. కోడలు నేర్పిందేటి నీకిది?"

తలుపు వెనక నుంచి సంధ్యారాణి, "నాకంత తెలివుంటే వచ్చిన కొత్తలోనే నేర్పేదాన్ని మావయ్యా" అంది. ఆ పిల్ల అంత మాట అనగలదని నాకు తెలియదు. తవిటయ్య బావగారు లేచి కండువా దులుపుకుంటూ, "ఆ గింజలు తినే కదా కూలబడిపోయింది. మళ్ళీ అవే కావాలంతాది" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆయన మాటకి కాదు. ఆ అబద్ధం నాదే కాబట్టి. అందరూ దాన్ని పట్టుకుని తిరుగుతున్నారు, సామల్ని తిడుతున్నారు, ఆ పిల్లని తిడుతున్నారు. చేసింది నేను. కాబట్టి విను.

ఆ రోజు నేను సామలు తిని పడిపోలేదు. తినక పడిపోయాను. పదకొండున్నరకి మాత్ర వేసుకున్నాను. అరగంటకి తినాలి అని చెప్పారు. కుండ దించాను, కూర దించాను, ఉలవలు వార్చాను. అన్నీ మూతలు పెట్టి కూర్చున్నాను. నువ్వు రాలేదు. బెల్లం వండే పెనంలో చెరుకు రసం ఉన్నంతసేపు నువ్వు రావు, మూడు గంటలు కాగితే గానీ పాకం రాదు, అది వదిలి రావడానికి ఉండదు. నేను ఎన్నడూ రమ్మనలేదు. ఒంటిగంటయింది. సత్యారావు వచ్చి తిన్నాడు. "అమ్మా నీ సామలు బాగున్నాయే" అని ఓ గరిటెడు నా కుండలోంచి వేసుకున్నాడు. ఇంకో గరిటె అడిగాడు, వేశాను. రెండయింది. నా చేతులు వణకడం మొదలెట్టాయి. చల్లటి చెమట. కుండ మూత తీసి చూశాను, అడుగున ఇంత ఉంది. అది తినొచ్చు. ఎవరూ లేరు కూడా. నువ్వు తినలేదు కదా అని మూత పెట్టేశాను. తర్వాత నాకు తెలిసింది గడప.

మర్నాడు డాక్టరమ్మ అడిగింది. "మాత్ర వేసుకున్నాక ఎన్ని గంటలకి తిన్నావు?"

"పన్నెండింటికే తిన్నానమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పుడు నాకే తెలియలేదు. తినలేదంటే ఎందుకు తినలేదంటుంది. మొగుడు తినలేదు కాబట్టి అంటే నీ గురించి ఏమనుకుంటుంది? పెళ్ళాన్ని పస్తుంచే మనిషి అనుకోదా? ముక్కూమొహం తెలియని ఆడమనిషి ముందు నీ పరువు తియ్యడం ఇష్టం లేక అబద్ధమాడాను. ఆమె నా మాట నమ్మింది. తిన్నా పడిపోయింది కాబట్టి మాత్ర ఎక్కువైందనుకుని సగం చేసింది. సగం మాత్రకి షుగర్ లొంగలేదు. నువ్వు గింజల్ని తిట్టావు. గింజలది తప్పు కాదు, మాత్రది కాదు, డాక్టరమ్మది కాదు. నా నోటిది.

నిన్న వెళ్ళి ఆమెకి నిజం చెప్పాను. రూపాదేవి పక్కనే ఉంది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. "ఇంట్లో ఎప్పుడూ అంతేనా?" అంది. ఎప్పుడూ అంతే అన్నాను. "ఎన్నాళ్ళ నుంచి?" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నాను. తర్వాత మాత్ర మళ్ళీ మొదటిలా రాసి, "ఇది వేసుకుంటే తిని తీరాలి, ఎవరు వచ్చినా రాకపోయినా. తినలేనంటే వేసుకోకు" అని రెండుసార్లు చెప్పించుకుంది నాచేత.

ఇంకొకటి ఉంది. దాన్ని నలభై ఎనిమిదేళ్ళుగా నేను ఎవరికీ చెప్పలేదు. సత్యారావు కడుపులో ఉన్నాడు. ఐదో నెల. ఎండు చేపల కూర వండాను. ఆ వాసనకి ఉండబట్టలేక మగవాళ్ళు రాకముందే చిన్న కంచంలో రెండు ముద్దలు కలుపుకున్నాను. మీ అమ్మ, నా సొంత మేనత్త, వంటింట్లోకి వచ్చి కంచం లాగేసి, దూడ కుడితిలో వేసింది. తిట్టలేదు. కొట్టలేదు. కంచం కడిగి బోర్లించింది. నువ్వు అప్పుడే వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నావు. చూశావు. కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నావు. కడగడానికి ఇంకేమీ లేకపోయినా నీళ్ళు పోసుకుంటూనే ఉన్నావు. తర్వాత వచ్చి పీట మీద కూర్చుంటే నేను వడ్డించాను.

నిన్ను తప్పు పట్టడానికి చెబుతున్నానా అంటే, అవును, తప్పు పట్టడానికే. మా అత్త పోయి ఇరవై ఏళ్ళు. ఆవిడ చెయ్యి లేదు, ఆ దూడ లేదు. అయినా నేను కుండ మీద మూత పెట్టి కూర్చున్నాను. అదే నాకు కోపం. ఇన్నేళ్ళలో నేను ఏం తిన్నానో నాకు తెలియదు. అందరూ తిన్నాక ఏది ఉంటే అది. కూర ఉంటే కూర, లేకపోతే ఇంత ఉప్పు, మజ్జిగ, అడుగంటిన అన్నం. అన్నం ఎప్పుడూ ఉండేది, కూరే ఉండేది కాదు, అందుకే అన్నం గుట్టగా తినడం అలవాటయింది. నాలుగేళ్ళు నాకేం తిండి పడుతుందో వెతికాను. దొరికింది. దొరికినా నా వంతు వచ్చేసరికి కుండ అడుగు. తిండి మార్చుకోమన్నారు, మార్చుకున్నాను. వంతు మార్చుకోమని ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు?

అందుకని ఇలా అనుకున్నాను. మీకు బాధ రెండో కుండే అయితే కుండ తీసేస్తాను. నిజమే, తీసేశాను. మొన్ననే కడిగి అటక మీద పెట్టించాను. సామలు లేకపోతే బతకలేనా అని రూపాదేవిని అడిగితే కంచం మీద వేలితో గీతలు గీసింది. సగం ఆకుకూరో, బీరకాయో, వంకాయో. పావు వంతు పప్పో, ఉలవలో, గుడ్డో. మిగిలిన పావులోనే వరి అన్నం, అంతకు మించి కాదు. "ఇలా తింటే మన బియ్యమైనా ఫరవాలేదు మామ్మా, సూది పొడిచి చూసుకుందాం" అంది. చూసుకున్నాం. నూట ఎనభై ఐదు. సామలంత కాదు గానీ చెడ్డ కాదు.

కాబట్టి ఇక ఒకటే కుండ. అందరికీ అదే. తవిటయ్య బావగారికి చెప్పు, పెళ్ళి పిలుపు ఒక్కసారి చాలు. కానీ పన్నెండింటికి నా కంచం నేను పెట్టుకుంటాను. నువ్వు వచ్చినా సరే, రాకపోయినా సరే. నువ్వు ఎదురుగా ఉన్నా సరే. దీనికి నువ్వు ఒప్పుకుంటావా లేదా అది చెప్పు. ఇరవై ఒకటో తేదీకి ఎనిమిది రోజులే ఉంది. వేలు పోతుందా ఉంటుందా అన్నది ఆ రోజు తెలుస్తుంది. ఇప్పుడు నీకు వేలి సంగతి పూర్తిగా తెలుసు.

చెప్పిన మనిషి
చిన్నతల్లి, ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: రూపాదేవి (రాసినది), సత్యారావు (వాడు విని సంతకం పెడతానన్నాడు. నా కుండలో రెండో గరిటె అడిగినందుకు తల దించుకున్నాడు. వాడిని ఏమీ అనకు.)



చోడవరం,
ఫిబ్రవరి 21, శుక్రవారం.

బావకి,

నిన్న జరిగిందంతా నువ్వూ చూశావు, నేనూ చూశాను. అయినా రాయిస్తున్నాను. మనిద్దరం ఇలాంటివి మాట్లాడుకోం. నోట్లో పడితే పోట్లాటైపోతాయి, లేకపోతే పశువుల మీదకీ వాన మీదకీ పోతాయి.

నువ్వు సత్యారావుతో పంపిన జవాబు నాకు అందింది. "ఇంట్లో ఏదో సేసుకోమను. నా ఎదట వద్దు. మగోళ్ళు తినకుండా ఆడది తింటే గానుగ కాడ నవ్వుతారు" అన్నావట. వాడు ఆ మాట చెప్పలేక చెప్పాడు. నేను వారం రోజులు ఆలోచించాను. ఇంట్లో మాత్రం పన్నెండింటికే తిన్నాను, ఒక్క రోజు కూడా దాటలేదు. మొదటి రోజు కంచం పెట్టుకున్నాను గానీ తినలేదు. గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. సంధ్యారాణి చూసి తన కంచం కూడా తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "మీరు తింటే గాని నేను తినను అత్తా, నాకూ ఆకలేస్తంది" అంది. అప్పుడు తిన్నాను. కానీ చాటుగా తిన్న తిండి చాటుదే. రేపు నువ్వు ఇంటికొస్తావు. నీ చెప్పుల చప్పుడు వినపడగానే నా చెయ్యి కంచం మీద నుంచి లేస్తుంది. నా సంగతి నాకు తెలుసు. నీ ఎదట తినగలిగితేనే ఇది నిలుస్తుంది. అందుకే వచ్చాను.

పదకొండున్నరకి ఇంట్లో మాత్ర వేసుకున్నాను. సంధ్యారాణి ఆటో పిలిచింది. కట్టు కట్టిన కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని చెరుకు గట్టు మీద నడిచాను. పాకలోకి వచ్చేసరికి నువ్వు పెనం దగ్గర నిలబడి తెడ్డు తిప్పుతున్నావు. ఆవిరిలో నీ ముఖం కనపడలేదు. నీ దగ్గర పనిచేసే దుర్గారావు పొయ్యిలోకి చెరుకు పిప్పి తోస్తున్నాడు. ఇంకా ఇద్దరు రసం డబ్బాల దగ్గర ఉన్నారు. నేను ఎండు చెరుకాకు మీద కూర్చుని క్యారియరు విప్పాను. ఒకటే అన్నం. ఒకటే కూర. మొదట నా కంచం పెట్టుకున్నాను. బీరకాయ కూర సగం, ఉలవలు, పక్కన పిడికెడు అన్నం. నీ కంచం బోర్లించే ఉంచాను.

దుర్గారావు పిప్పి తోయడం ఆపేశాడు. "ఏటి పెద్దమ్మా, పెదనాన్నకెట్టకుండా నువ్వే మొదలెట్టేస్తన్నావు?"

"మాత్ర నేను ముందేసుకున్నాన్రా. కూడు కూడా నాదే ముందు" అన్నాను.

ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు నీ వైపు చూశాడు, నువ్వేమంటావో అని. నేనూ నీ వైపే చూశాను. నా చేతిలో ముద్ద ఉంది. అది నోటిదాకా వెళ్ళలేదు. నువ్వు ఒక్క మాట అంటే ఆ ముద్ద కంచంలో పడిపోయేది, నిజం చెబుతున్నాను. అంత దూరం వచ్చినా నాలో బలం అంతే.

నువ్వు తెడ్డు ఆపకుండా, తల ఎత్తకుండా అన్నావు. "పాకం ముదిరిపోతంది. పెనంలోకి సూడండ్రా. ఆవిడ కూడు మీకేటి."

ముగ్గురూ పెనం మీదకి వంగారు.

బావా, నేను యాభై ఏళ్ళు ఆ వాసనలో బతికినదాన్ని. కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ పాకం అప్పటికి ఇంకా లేతగా ఉంది. అది ముదరడానికి ఇంకో అరగంట పైగా పడుతుంది. నీకు తెలుసు, నాకు తెలుసు. దుర్గారావుకి కూడా తెలిసే ఉంటుంది, అయినా వంగాడు. నేను తిన్నంతసేపూ వాళ్ళని పెనంలోకే చూపించావు. నురుగు తీయమన్నావు, మంట తగ్గించమన్నావు, మళ్ళీ పెంచమన్నావు. నేను కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కున్నాను. నీ కంచం తిప్పి అన్నం పెట్టాను. పెనం దించాక నువ్వు వచ్చి కూర్చున్నావు. కూరలో ఉప్పు తగ్గిందన్నావు.

దానితో అన్నీ తీరిపోయాయని నేను అనను. వాకిట్లో నీళ్ళు పోసుకుంటూ నిలబడ్డ మనిషి ఒక్క మాటతో కడిగేసుకున్నాడని అనను. కానీ ఆ మాట నేను విన్నాను. విన్నానని నీకు తెలియాలి.

ఇవాళ ఆస్పత్రికి వెళ్ళాను. తిన్న రెండు గంటలకి నూట డెబ్బై రెండు. డాక్టరమ్మ కట్టు విప్పి, వేలిని అటూ ఇటూ నొక్కింది. నొప్పి పుట్టింది. నొప్పి పుట్టడం మంచిదే అంది. పుండు అంచులు ఎర్రగా వస్తున్నాయట, నల్లదనం పైకి పాకలేదట. "వేలు ఉంచుదాం. నెలాఖరుకి మళ్ళీ చూస్తాను. ఇలాగే తిను" అంది. ఇంకా మానలేదు. మానొచ్చు అంది, అంతే. నేను అంతకంటే ఎక్కువ నమ్మను.

తిరిగొచ్చేసరికి దుర్గారావు ఇంటి దగ్గర ఉన్నాడు. బెల్లం దిమ్మ ఒకటి అరుగు మీద పెట్టి, "ఇది సత్యారావన్నకి, నీకు కాదు పెద్దమ్మా" అని ముందే చెప్పాడు. తర్వాత చెప్పిన మాట ఇది. ఇవాళ పొద్దున్న నువ్వు తెల్లారకుండానే వాళ్ళని లేపి ఎనిమిదింటికే పొయ్యి అంటించావట. ఇన్నేళ్ళలో పది కొట్టకముందు ఎన్నడూ అంటించలేదని వాడు గొణిగాడు. "పదకొండింటికల్లా పెనం దిగాల్రా, ఈ గానుగ అయ్యేవరకూ రోజూ ఇంతే" అన్నావట. ఎందుకని అడిగితే కసిరావట.

నువ్వు నాతో చెప్పలేదు కాబట్టి నేను కూడా విననట్టే ఉంటాను. నా మాట మాత్రం ఇది. చెరుకు ఇంకా ఆరు రోజులకి సరిపడా ఉందట. ఆ ఆరు రోజులూ, ఆ తర్వాతా, నా కంచం పన్నెండింటికి. నువ్వు ఆ వేళకి వస్తే ఇద్దరం కూర్చుందాం. సంధ్యారాణి కూడా మనతోనే కూర్చుంటుంది. ఆ పిల్లని రెండో వంతుకి ఉంచను. నువ్వు రాకపోతే నీ అన్నం మూత పెట్టి ఉంటుంది, వేడిగా కావాలంటే నువ్వే వెచ్చబెట్టుకోవాలి. నేను మళ్ళీ లేవను. పెరుగు గిన్నె రెండో అరలో ఉంటుంది. ఉప్పు ఎక్కడుందో నీకు తెలియదు, పొయ్యి పక్క నల్ల డబ్బాలో ఉంది.

చెప్పిన మనిషి
చిన్నతల్లి, ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: రూపాదేవి (రాసినది), సంధ్యారాణి (పక్కన కూర్చున్నది), దుర్గారావు (పెనంలోకి చూసినవాడు)